మృతుల సంఖ్య, పాలకుల పేరు

1977 నవంబర్ 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో ఎందరు చనిపోయారన్న ప్రశ్నకు నేటికీ ఒక్క జవాబు లేదు. సర్కారు లెక్క సుమారు 10,000. తర్వాత వచ్చిన రచనల్లో 14,000 పైచిలుకు అన్న మాట తరచు కనిపిస్తుంది. ఆనాడు జనతా పార్టీ వైపు నుంచి వినవచ్చిన అంచనా 50,000. ఒకే రాత్రి జరిగిన చావులకు ఇంత తేడాగా అంకెలు వస్తే, ఎవరో దాస్తున్నారనో, ఎవరో పెంచి చెబుతున్నారనో జనానికి అనుమానం రావడం సహజం. ఆ అనుమానం పాలకుల దగ్గరే ఆగదు, వాళ్లిచ్చిన అంకెను అచ్చువేసిన పత్రికల మీదకూ పోతుంది.

అప్పటి రాజకీయ వాతావరణం దానికి బలం చేకూర్చింది. ఢిల్లీలో మొరార్జీ దేశాయ్ నాయకత్వంలో జనతా ప్రభుత్వం, హైదరాబాద్‌లో జలగం వెంగళరావు నాయకత్వంలో కాంగ్రెస్ ప్రభుత్వం. ఆ ఏడాది లోక్‌సభ ఎన్నికల్లో ఉత్తరాదిన తుడిచిపెట్టుకుపోయిన కాంగ్రెస్, ఆంధ్రప్రదేశ్‌లో మాత్రం 42 స్థానాల్లో 41 గెలుచుకుంది. శాసనసభ ఎన్నికలు 1978 ఫిబ్రవరిలో జరిగాయి. అంటే ఉప్పెనకూ పోలింగుకూ మధ్య ఉన్నది మూడు నెలలు. పత్రికల సంగతి చూస్తే, ఎమర్జెన్సీ సెన్సార్ పీడ విరగడై అప్పటికి ఎనిమిది నెలలే. ప్రభుత్వం చెప్పిందే వేయాల్సిన రోజులు విలేకరుల మనసులో ఇంకా పచ్చిగానే ఉన్నాయి. ఆ స్థితిలో సర్కారు లెక్క చిన్నదిగా కనిపిస్తే దాపరికం అనిపించింది, విపక్షం అంచనా పెద్దదిగా కనిపిస్తే ఓట్ల వేట అనిపించింది.

రాజకీయం పక్కన పెట్టి చూసినా, ఆ లెక్క తేలడం తేలిక కాదు. సుమారు 5 మీటర్ల ఎత్తున లేచిన నీరు తీరం దాటి మైళ్ల కొద్దీ లోపలికి వచ్చి, వెనక్కి పోతూ మనుషుల్నీ గొడ్లనూ ఈడ్చుకుపోయింది. సోర్లగొంది, పాలకాయతిప్ప, హంసలదీవి వంటి తీర గ్రామాల్లో లెక్క రాయాల్సినవాళ్లు అప్పట్లో కరణం, మునసబు. శవం దొరికితే మృతి, దొరక్కపోతే గల్లంతు. మడ అడవుల్లో, కాలవల్లో, వరి చేలల్లో దొరికిన శవాలు గుర్తుపట్టే స్థితిలో లేవు. అంటురోగాల భయంతో గుట్టలుగా పేర్చి దహనం చేశారు. ఒక్కొక్కరికీ పంచనామా రాసే వీలెక్కడిది? ఇంటిల్లిపాదీ కొట్టుకుపోయిన చోట ఫలానా మనిషి కనిపించడం లేదని చెప్పేవాళ్లే మిగల్లేదు. పొరుగూరి నుంచి కూలికి వచ్చినవాళ్ల పేర్లు ఈ ఊరి దస్త్రంలో ఉండవు. అప్పట్లో అమల్లో ఉన్న సాక్ష్య చట్టం 108వ సెక్షన్ ప్రకారం ఏడేళ్లు ఆచూకీ లేని మనిషినే చనిపోయినట్టు భావించే వీలుండేది. సాయం సొమ్ముకు కుటుంబంలో బతికున్నవాళ్లు వచ్చి అడగాలి. అడిగేవాళ్లు లేని చావు, చాలాసార్లు, జాబితాకు ఎక్కని చావే.

అందుచేత మొదటి అంకె చిన్నదిగా ఉండడానికి దురుద్దేశం అక్కర్లేదు. దురుద్దేశం ఉందో లేదో తేలేది తర్వాతి రోజుల్లో: గల్లంతైనవారిని ఏ ఖాతాలో వేశారు, అంకె పెరిగినప్పుడు ఎందుకు పెరిగిందో చెప్పారా, కొత్త అంకెను మొదటిదాన్ని వేసినంత ప్రముఖంగా వేశారా అన్న చోట. సహాయ కార్యక్రమాల్లో ముందు నిలిచిన మండలి వెంకట కృష్ణారావు అవనిగడ్డ కాంగ్రెస్ నాయకుడే. పాలకపక్షం వాళ్లంతా శవాలను దాచారని గంపగుత్తగా అనడం అన్యాయం. అలాగని లెక్క సరిగా వేయలేదన్న ఊళ్లవాళ్ల గోడును విపక్షం పన్నాగంగా కొట్టిపారేయడం అంతకంటే పెద్ద అన్యాయం.

ఈ తీరంలోనే వచ్చిన మరో రెండు తుపాన్లను దీని పక్కన పెట్టి చూడవచ్చు. 1864 నవంబర్ 1న మచిలీపట్నాన్ని ముంచిన ఉప్పెనలో 30,000 మంది పోయారంటారు. తెల్లదొరల పాలనలో ఆ అంకెను నిలదీసే ప్రతిపక్షం లేదు, ఓటూ లేదు. 1990 మే 9న కృష్ణా ముఖద్వారం దగ్గర తీరం దాటిన తుపానులో మృతులు 967. అప్పటి ముఖ్యమంత్రి మర్రి చెన్నారెడ్డి. సంఖ్య ఇంతగా తగ్గడానికి కారణం ముందస్తు హెచ్చరిక, ఆరు లక్షలకు పైగా జనాన్ని తరలించడం. 1977, 1990 అంకెలను పక్కపక్కన వేసి ఫలానా నాయకుడి హయాంలో పత్రికలు మెత్తబడ్డాయని తేల్చేస్తే, బతికిన ప్రాణాలను దాచిన శవాలుగా లెక్కవేసినట్టవుతుంది.

యుద్ధం వచ్చినప్పుడు ఈ చిక్కు మరింత బిగుసుకుంటుంది, ఎందుకంటే లెక్కవేసేదీ యుద్ధం చేసేదీ ఒకే ప్రభుత్వం. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేసినప్పుడు వార్తల మీద బ్రిటిష్ సెన్సార్ ఉంది. నిజం తెలియని చోట పుకారు పరిగెత్తింది, జనం ఊళ్లు ఖాళీ చేశారు. 1948 సెప్టెంబర్ నాటి హైదరాబాద్ పోలీసు చర్య ఇంకా బాధాకరమైన ఉదాహరణ. రజాకార్ల దౌర్జన్యాల గురించి తెలుగు పాఠకులకు బాగా తెలుసు. సైనిక చర్య సమయంలోనూ ఆ తర్వాతా జరిగిన హత్యలను విచారించేందుకు నెహ్రూ పంపిన పండిట్ సుందర్‌లాల్ బృందం, మృతులు 27,000 నుంచి 40,000 మధ్య ఉండవచ్చని రాసింది. ఆ నివేదికను ప్రచురించలేదు. 2013లో గానీ అది ఢిల్లీలోని నెహ్రూ స్మారక గ్రంథాలయంలో అందరికీ అందుబాటులోకి రాలేదు.

అమెరికాలో ఇదే తగువు అధ్యక్షుల పేర్ల మీద నడుస్తుంది. సైనికుల శవపేటికల ఫొటోలు తీయకూడదన్న నిషేధం 1991లో జార్జ్ బుష్ సీనియర్ కాలంలో మొదలై, ఒబామా వచ్చాక 2009లో సడలింది. అఫ్ఘానిస్తాన్‌లో అమెరికన్ సైనికులు ఎక్కువమంది చనిపోయిన సంవత్సరం 2010. చిన్న బుష్ కాలంలో చేసినంత గోల పత్రికలు అప్పుడు చేయలేదని రిపబ్లికన్లు అంటారు. డ్రోన్ దాడుల్లో 2009 నుంచి 2015 దాకా పోయిన పౌరులు 64 నుంచి 116 మందేనని ఒబామా ప్రభుత్వం ప్రకటిస్తే, లండన్‌లోని పరిశోధక పాత్రికేయుల సంస్థ లెక్క 380 నుంచి 801. ఆ లెక్క ఏటా చెప్పాలన్న ఆదేశాన్ని 2019లో ట్రంప్ రద్దు చేశాడు. చెప్పిన అంకె మీద తగువు పడవచ్చు. అసలు చెప్పని అంకె మీద తగువూ ఉండదు, వార్తా ఉండదు.

పాఠకుడి కన్ను కూడా తటస్థం కాదు. 1982లో బీరూట్ శరణార్థి శిబిరాల్లో జరిగిన ఊచకోత మీద వచ్చిన టీవీ వార్తలను స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఇజ్రాయెల్ అభిమానులకూ అరబ్బుల అభిమానులకూ చూపించారు. చూసినవి అవే దృశ్యాలు. ఇవి తమకు వ్యతిరేకంగా ఉన్నాయని రెండు వర్గాలూ అన్నాయి. 1985లో వెలువడిన ఆ అధ్యయనం పక్షపాతమే లేదని రుజువు చేయలేదు. పక్షపాతం ఉందన్న భావన ఒక్కటే రుజువుకు చాలదని చూపింది.

రుజువు కావాలంటే పాత సంచికలు తిరగేయాలి. చీరాల దగ్గర వేటపాలెంలోని సారస్వత నికేతనం 1918 నుంచి తెలుగు పత్రికలను భద్రపరుస్తూ వస్తోంది. ఒకే పత్రిక వేర్వేరు ప్రభుత్వాల కాలంలో వచ్చిన విపత్తులను ఎలా రాసిందో ఇలాంటి చోట పక్కపక్కన పెట్టి చూడవచ్చు. మృతుల సంఖ్య ఏ పేజీలో వచ్చింది, అది ఎవరి నోట వచ్చింది, గల్లంతైనవారిని కలిపారా లేదా, ‘చనిపోయారు’ అన్నారా ‘బలిగొంది’ అన్నారా, చనిపోయినవాళ్ల ఊరూ పేరూ వేశారా, వారం తర్వాత విలేకరి మళ్లీ ఆ ఊరు వెళ్లాడా అన్నవి అక్కడ చూడాల్సినవి. ముఖ్యమంత్రి మారినప్పుడల్లా వీటిలో ఏది మారిందో అదే ఆ పత్రిక పక్షం.