బొగ్గు గని నుంచి వరిమడి దాకా

యాసంగిలో బోరు కింద వేసిన వరిమడికి నీళ్లు పారుతున్నాయంటే, ఆ నీటి వెనుక చాలా దూరం నుంచి వచ్చిన శక్తి ఉంది. 25 కోట్ల ఏళ్లకు పైగా వెనక్కి వెళ్తే, గోదావరి లోయలోని అడవులు అప్పటి ఎండను ఆకుల్లో పట్టి దాచుకున్నాయి. ఆ చెట్లు మట్టి కింద పడి, నలిగి, బొగ్గయ్యాయి. సింగరేణి గనుల్లో తవ్వి తీసిన ఆ బొగ్గు థర్మల్ కేంద్రంలో మండినప్పుడు అందులోని రసాయన శక్తి వేడిగా మారుతుంది. వేడికి నీరు ఆవిరవుతుంది, ఆవిరి టర్బైన్‌ను తిప్పుతుంది, టర్బైన్‌తో పాటు తిరిగే జనరేటర్ కరెంటు పుట్టిస్తుంది. ఆ కరెంటు తీగల వెంట ఊరి ట్రాన్స్‌ఫార్మర్ దాకా వచ్చి, బోరు మోటారులో మళ్లీ తిరిగే శక్తిగా మారి, పాతాళంలోని నీటిని పైకి ఎత్తుతుంది. శక్తి ఇన్ని రూపాలు మార్చుకుంటూ వస్తుంటే మనం మాత్రం మొదటి అంచె గురించే మాట్లాడుకుంటాం. ఎన్ని మెగావాట్ల కేంద్రం కట్టారు, ఎన్ని టన్నుల బొగ్గు తవ్వారు అన్నవే వార్తలు. శక్తి మార్పిడి సూత్రాలను నిజంగా లెక్కలోకి తీసుకుంటే చూపు చివరి అంచె మీద పడాలి. చేను దగ్గర ఆదా చేసిన ఒక్క పాలు గని దగ్గర పది పాళ్ల ఆదాతో సమానం.

శక్తి పుట్టదు, నశించదు, రూపం మాత్రమే మార్చుకుంటుంది అని బడిపుస్తకంలో అందరం చదువుకున్నాం. ఆ ఒక్క వాక్యాన్ని రుజువు చేయడానికి 19వ శతాబ్దంలో పెద్ద ప్రయాసే పడాల్సి వచ్చింది. 1840లో జావా వెళ్లిన ఓడలో వైద్యుడిగా ఉన్న జర్మన్ యువకుడు మేయర్, ఉష్ణదేశంలో నావికుల సిరల రక్తం మామూలు కన్నా ఎర్రగా ఉండటం గమనించాడు. బయటే వేడి ఉన్నప్పుడు ఒంటిని వెచ్చగా ఉంచడానికి ఆహారాన్ని తక్కువగా ఖర్చు చేస్తే చాలు కదా అన్న ఆలోచన నుంచి, వేడీ పనీ ఒకదానిగా ఒకటి మారగలవన్న నిర్ణయానికి వచ్చి 1842లో ప్రకటించాడు. అదే దశాబ్దంలో ఇంగ్లండులో జేమ్స్ జౌల్ దాన్ని కొలిచి చూపించాడు. నీళ్లున్న పాత్రలో రెక్కల చక్రాన్ని పెట్టి, కిందికి జారే బరువులతో దాన్ని తిప్పించి, నీరు ఎంత వేడెక్కిందో అతి సున్నితమైన థర్మామీటరుతో చూశాడు. నేటి కొలతల్లో చెప్పాలంటే, లీటరు నీటిని ఒక్క డిగ్రీ వేడెక్కించే శక్తితో అదే లీటరు నీటిని దాదాపు 427 మీటర్ల ఎత్తుకు లేపవచ్చు.

ఈ అంకె దగ్గర కాసేపు ఆగాలి. శ్రీశైలం ఆనకట్ట ఎత్తు 145 మీటర్లు. అంత ఎత్తు నుంచి నీరు ఏ పనీ చేయకుండా కిందపడి, దాని శక్తి అంతా వేడిగా మారినా ఆ నీరు వేడెక్కేది డిగ్రీలో మూడో వంతే. లీటరు నీటిని 30 డిగ్రీల నుంచి మరిగించడానికి పట్టే శక్తితో దాన్ని 30 కిలోమీటర్ల ఎత్తుకు, అంటే ఎవరెస్టుకు మూడు రెట్లకు పైగా, లేపవచ్చు. మరి అంత శక్తిగల వేడితో అంత పనీ చేయించుకోవచ్చా అంటే, కుదరదు. పనిని పూర్తిగా వేడిగా మార్చవచ్చు గానీ వేడిని పూర్తిగా పనిగా మార్చలేం. ఫ్రెంచి ఇంజనీరు సాది కార్నో 1824లోనే దీని హద్దు చెప్పాడు: వేడి నుంచి ఎంత పని రాబట్టగలమన్నది వేడి చోటు, చల్లని చోటు ఉష్ణోగ్రతల మీదే ఆధారపడుతుంది. చెంబుడు మరిగే నీళ్లు చెరువులో పోస్తే ఆ వేడి ఎక్కడికీ పోదు, చెరువులోనే ఉంటుంది. కానీ దానితో ఇక ఏ పనీ చేయించుకోలేం. శక్తి తరగదు, దాని పనికొచ్చే గుణం తరుగుతుంది. జర్మన్ భౌతికశాస్త్రవేత్త క్లౌసియస్ 1865లో ఎంట్రోపీ అని పేరుపెట్టి కొలిచింది ఈ తరుగుదలనే.

ఇప్పుడు బొగ్గు దారిని లెక్కగట్టి చూద్దాం. థర్మల్ కేంద్రంలో ఆవిరి 540 డిగ్రీల దగ్గర ఉండి, చల్లబడేది 40 డిగ్రీల దగ్గర అనుకుంటే, కార్నో సూత్రం ప్రకారం నూటికి 61 పాళ్లకు మించి పని రాదు. అది కాగితం మీది హద్దు. వాడుకలో వచ్చేది 35 పాళ్ల చుట్టుపక్కలే. మిగిలినదంతా కూలింగ్ టవర్ల మీదుగా, పొగగొట్టాల మీదుగా గాల్లో కలిసిపోతుంది. ఆ 35లో తీగల్లో, ట్రాన్స్‌ఫార్మర్లలో పోయేది పోగా పొలానికి 30 చేరుతుంది. మోటారు, పంపు, పైపులు అన్నీ కలిపి మూడో వంతునే నీటిని ఎత్తే పనిగా మార్చాయనుకుంటే మిగిలేది 10. మన పొలాల్లోని చాలా మోటార్లకు ఈ మూడో వంతు వాస్తవానికి దగ్గరి అంకె. అంటే నూరు పాళ్ల బొగ్గులో పది పాళ్లే నీటికి అందాయి. తొంభై పాళ్లు ఎక్కడికీ మాయం కాలేదు, వాతావరణాన్ని కాస్త వెచ్చచేసి ఊరుకున్నాయి.

దీన్ని ఎకరం వరికి అన్వయిస్తే లెక్క ఇంకా కళ్లకు కడుతుంది. పంట మొత్తానికి 1,200 మిల్లీమీటర్ల నీరు కావాలనుకుంటే ఎకరానికి సుమారు 4,900 ఘనపు మీటర్లు. నీరు 60 మీటర్ల లోతున ఉంటే దాన్ని పైకి తేవడానికి ప్రకృతి అడిగే కనీస శక్తి 800 యూనిట్లు. ఏ ఇంజనీరూ దీన్ని తగ్గించలేడు. మూడో వంతు దక్షతతో నడిచే పంపు దీనికి 2,400 యూనిట్ల కరెంటు లాగుతుంది. ఆ కరెంటంతా బొగ్గు నుంచే వచ్చిందనుకుంటే గని దగ్గర 8,000 యూనిట్లకు సరిపడే వేడి, అంటే సుమారు 1,700 కిలోల బొగ్గు కావాలి. ఎకరానికి 25 క్వింటాళ్ల దిగుబడి వచ్చిందనుకున్నా ఆ గింజల్లో ఉండే ఆహారశక్తి పదివేల యూనిట్లకు కాస్త అటూ ఇటూ. తిండిగింజలో ఎండ దాచిన శక్తికి దగ్గరదగ్గరగా పాత ఎండను, అంటే బొగ్గును, నీటి కోసమే కాల్చేస్తున్నామన్నమాట. జలవిద్యుత్తు, సౌరవిద్యుత్తు కూడా గ్రిడ్డులో కలుస్తాయి కాబట్టి అసలు బొగ్గు ఇంతకంటే తక్కువే పడుతుంది. అంచెల మధ్య నిష్పత్తి మాత్రం మారదు.

ఈ గొలుసులో ఎక్కడ చెయ్యిపెడితే ఎక్కువ లాభమో ఇప్పుడు చూడవచ్చు. థర్మల్ కేంద్రాన్ని కోట్లు పోసి బాగుచేసి దక్షతను 35 నుంచి 38కి పెంచితే మన ఎకరం లెక్కలో 600 యూనిట్లకు కాస్త ఎక్కువ వేడి మిగులుతుంది. పొలం దగ్గరి దక్షతను మూడో వంతు నుంచి సగానికి తెస్తే మిగిలేది సుమారు 2,700. మడిలో ఎప్పుడూ నీరు నిలగట్టకుండా ఆరుతడి పద్ధతిలో ఐదో వంతు నీరు తగ్గిస్తే, చేను దగ్గర ఎత్తాల్సిన 160 యూనిట్ల పని తప్పుతుంది, దాని వెనుక గని దగ్గర 1,600 యూనిట్లు భూమిలోనే ఉండిపోతాయి.

చేను దగ్గర శక్తి ఎలా జారిపోతుందో దగ్గరికెళ్లి చూస్తే తెలుస్తుంది. నడుస్తున్న పైమోటారు ఒంటిమీద చెయ్యి పెడితే కాలుతుంది. ఆ వేడి నీటిని ఎత్తాల్సిన శక్తిలోంచి తగ్గినదే. పైపు సన్నదైతే నీరు గోడలకు ఒరుసుకుని శక్తి వేడిగా పోతుంది. నీటి పరిమాణం మారకపోతే ఈ రాపిడి నష్టం పైపు వ్యాసం ఐదో ఘాతానికి విలోమంగా మారుతుంది కాబట్టి, రెండంగుళాల పైపు బదులు రెండున్నర అంగుళాల పైపు వేస్తే నష్టం మూడో వంతుకు పడిపోతుంది. వోల్టేజీ తగ్గినప్పుడు మోటారు ఎక్కువ కరెంటు లాగి, వైండింగ్ వేడెక్కి, చివరికి కాలిపోతుంది. మళ్లీ చుట్టించిన మోటారు తరచు మునుపటి దక్షతతో నడవదు. తీగల్లోనూ ఇదే కథ: కరెంటు సగమైతే నష్టం నాలుగో వంతవుతుంది. మోటారుకు కెపాసిటర్ పెట్టమనడం, 11 కేవీ లైన్లను పొలాల దాకా తెచ్చి చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు బిగించడం ఇందుకే.

ఇక్కడ న్యాయమైన అభ్యంతరం ఒకటుంది. ఇదంతా రైతు తప్పన్నట్టు లేదా? 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉచిత విద్యుత్తు వచ్చాక, 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో అది 24 గంటలు అయ్యాక, పొదుపు చేయడానికి రైతుకు కారణమేముందని కొందరు అడుగుతారు. కానీ వోల్టేజీని రైతు నిర్ణయించడు. నీటిమట్టం ఎంత లోతుకు పోతుందో బోరు వేసేటప్పుడు ఆయనకు తెలియదు. కరెంటు ఏ వేళకు వస్తుందో తెలియనప్పుడు, అది రాగానే మోటారును దానంతట అదే నడిపే ఆటోస్టార్టర్ పెట్టుకోవడం ఆయనకు తర్కబద్ధమే. నమ్మకంగా కరెంటు ఇచ్చాకే ఆటోస్టార్టర్లను తీసేయమని అడగడం సాధ్యమైంది. ఉచిత విద్యుత్తును కొనసాగిస్తూనే మంచి పంపు, సరైన పైపు, నిలకడైన వోల్టేజీ ప్రభుత్వ ఖర్చుతో ఇవ్వవచ్చు. కాల్చే బొగ్గు తగ్గితే సబ్సిడీ భారమూ తగ్గుతుంది, కాలిన మోటారు బాగు చేయించే ఖర్చు రైతుకూ తప్పుతుంది.

ఎండ ఉచితమే కదా, సోలార్ పంపు పెడితే ఈ లెక్కలెందుకు అన్నది రెండో ప్రశ్న. సౌరఫలకం తనమీద పడిన ఎండలో ఐదో వంతునే కరెంటుగా మారుస్తుంది. అయినా దాన్ని థర్మల్ కేంద్రం 35 పాళ్లతో పోల్చి నాసిరకమనడం తప్పు. ఫలకం పట్టని ఎండ ఎలాగూ నేలను వేడెక్కించేదే, కాలిన బొగ్గు మాత్రం తిరిగి రాదు. అందుకే 2019లో మొదలైన పీఎం కుసుమ్ లాంటి పథకాలు అవసరం. కానీ ఫలకాలకు ఖర్చుంది, స్థలం కావాలి. పంపు దక్షత సగమైతే ఫలకాలు రెట్టింపు కావాలి. చివరి అంచె లెక్క ఇక్కడా తప్పదు.

రూపం మార్చిన ప్రతిసారీ నష్టమే అయితే ఎత్తిపోసి నిల్వచేసే పద్ధతి దండగ కాదా అని కూడా అడగవచ్చు. శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ కేంద్రంలోని ఆరు 150 మెగావాట్ల యంత్రాలు కిందికి వచ్చే నీటితో కరెంటు పుట్టించగలవు, ఎదురు తిరిగి నీటిని పైకి తోడనూగలవు. ఇలా దాచిన శక్తిలో నాలుగో వంతు దాకా పోతుంది. కానీ మధ్యాహ్నం మిగిలిపోయిన సౌరవిద్యుత్తు దాచకపోతే పూర్తిగా వృథా. సాయంత్రం వాడకం పెరిగినప్పుడు అందులో మూడు వంతులు చేతికి వస్తే అది లాభమే. కావలసిన వేళకు అందడానికి కట్టే మూల్యమది. దండగ అనాల్సింది దేనికీ పనికిరాని మార్పిడిని.

అన్నిటికన్నా బరువైన అభ్యంతరం 1865 నాటిది. ఆవిరియంత్రాల దక్షత పెరిగిన కొద్దీ బ్రిటన్‌లో బొగ్గు వాడకం తగ్గకపోగా పెరిగిందని ఆర్థికవేత్త జెవన్స్ అప్పుడే చూపించాడు. మంచి పంపు చేతికొస్తే రైతు ఇంకా ఎక్కువ నీరు తోడతాడు, భూగర్భజలం ఇంకా లోతుకు పోతుంది, లోతు పెరిగితే మళ్లీ శక్తి పెరుగుతుంది. ఈ ప్రమాదం నిజం. అందుకే దక్షతతో పాటు హద్దు కూడా కావాలి: ప్రతి ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర మీటరు, ఊరి నీటిమట్టం లెక్క ఊరివాళ్లకే తెలిసేలా చేయడం, బోరు కింద యాసంగిలో వరి బదులు పప్పులు, నూనెగింజలు వేసినవారికి గిట్టుబాటు ధర. హద్దు లేని దక్షత జెవన్స్ చెప్పిన దారిలోనే పోతుంది. దక్షత లేని హద్దేమో రైతుకు కోతగా మాత్రమే మిగులుతుంది.

కొత్త విద్యుత్ కేంద్రం ప్రకటించినప్పుడల్లా ఎన్ని మెగావాట్లని అడగడం మనకు అలవాటు. ఆ ప్రశ్నతో పాటు మరొకటి అడగాలి: ఇప్పటికే పుట్టిన కరెంటులో ఎంత భాగం అసలు పనికి అందుతోంది? ప్రతి ఫీడరు కింద, ప్రతి వ్యవసాయ మోటారు దగ్గర ఆ అంకె కొలిచి ప్రకటిస్తే డబ్బు ఎక్కడ పెట్టాలో దానంతట అదే తెలుస్తుంది. ఉష్ణగతిశాస్త్రపు మొదటి నియమం శక్తి ఎక్కడికీ పోదని మనకు ధైర్యం చెబుతుంది. రెండో నియమం మాత్రం జారిపోయిన గుణాన్ని వెనక్కి ఇవ్వదు. కాబట్టి పైపూ, పంపూ, పంటా ఎంచుకునే చోటే విద్యుత్ విధానం మొదలు కావాలి.