మీకు తెలుసా? ఆరేళ్లు ఆలస్యంగా వచ్చిన స్వర్ణం!

2012 లండన్ ఒలింపిక్స్, మహిళల 63 కిలోల వెయిట్‌లిఫ్టింగ్. స్వర్ణం కజకిస్థాన్‌కు, రజతం రష్యాకు. కెనడా లిఫ్టర్ క్రిస్టీన్ జిరార్డ్‌కు దక్కింది కాంస్యమే. పోటీ ముగిసింది కానీ మూత్ర నమూనాలను పారబోయలేదు, గడ్డకట్టించి దాచారు. నాలుగేళ్ల తర్వాత బయటికి తీసి పరీక్షిస్తే పై ఇద్దరూ దొరికిపోయారు! 2018 డిసెంబరులో ఒట్టావాలో జిరార్డ్‌కు ఆ స్వర్ణంతోపాటు 2008 బీజింగ్ కాంస్యమూ అందింది. అక్కడ ఆమెది నాలుగో స్థానం, రజత విజేత ఇలాగే పట్టుబడింది. అప్పటికే జిరార్డ్ ఆట మానేసింది.

ఇలా ఆలస్యంగా దొరకడానికి కారణం పరీక్షలు మెరుగవడమే. ఉదాహరణకు, ట్యూరినబోల్ అనే స్టెరాయిడ్ ఆనవాళ్లు పాత పరీక్షలకు కొద్ది రోజులే చిక్కేవి. ఒంట్లో చాలాకాలం మిగిలే దాని అవశేషాలను పసిగట్టే పద్ధతి వచ్చాక ఎందరిదో ఆట కట్టింది.

మన అంజూ బాబీ జార్జ్‌కూ ఇలాగే ఆలస్యంగా స్వర్ణం దక్కింది. రష్యా జంపర్ తత్యానా కోటోవా 2005 నాటి నమూనా 2013లో పట్టుబడింది. దాంతో అంజూ 2005లోనే మొనాకోలో గెలిచిన లాంగ్‌జంప్ రజతం స్వర్ణమైంది.

ప్రస్తుత నిబంధనల ప్రకారం దాచిన నమూనాను పదేళ్ల వరకు మళ్లీ పరీక్షించవచ్చు.