సైకిలు తొక్కేవాడి జమాఖర్చు

సైకిలు తొక్కటానికి కూడా కంప్యూటరు కావాలా అని మా హాస్టల్లో నన్ను ఆటపట్టించని మిత్రులు లేరు. నోటితో చెప్పి చెప్పి విసిగాను. ఈ సంచికలో రాసే అవకాశం దొరికింది గనుక ఆ సంగతేమిటో ఇక్కడ మనవి చేస్తాను.

మా పొలంలో బోరు మీద 5 హార్సుపవర్ మోటారుంది. ఒక హార్సుపవర్ అంటే 746 వాట్లు గనుక అది 3,730 వాట్లు. నేను ఒళ్ళు దాచుకోకుండా తొక్కి గంటసేపు నిలపగలిగేది 200 వాట్లు. పావు గుర్రం కన్నా కాస్త ఎక్కువ, అంతే! దీన్ని కొలిచే మీటరు పెడలు బిగించే క్రాంకులో ఉంటుంది. తొక్కినప్పుడు క్రాంకు కంటికి కనపడనంత వంగుతుంది. దానికి అంటించిన స్ట్రెయిన్ గేజి నిరోధం మారుతుంది. మన ఫిజిక్సు లాబులో వీట్‌స్టన్ బ్రిడ్జితో చేసే పని ఇక్కడా అదే. అలా తెలిసిన టార్కును కోణీయ వేగంతో గుణిస్తే వాట్లు వస్తాయి. ఎదురుగాలి వస్తే వేగం పడిపోతుంది కాని, పడిన కష్టం వాట్లలో దాగదు. ఇది ఖరీదైన వస్తువు. నాది ఒక సీనియర్ అన్నయ్య అరువిచ్చినది.

ఆ వాట్లను గోల్డెన్ చీతా అనే ఉచిత సాఫ్టువేరులోకి ఎక్కిస్తాను. ముందు 20 నిమిషాలు శక్తికొద్దీ తొక్కాలి. నాకు సగటు 210 వచ్చింది. అందులో 95 శాతం, అంటే సుమారు 200, గంటసేపు నిలిచే శక్తిగా తీసుకుంటారు. ఆ శక్తితో గంట తొక్కితే శ్రమ 100 పాయింట్లు. అదే 150 వాట్లతో నిలకడగా 2 గంటలు తొక్కితే, 0.75ను వర్గం చేసి 2తో, 100తో గుణించగా 112.5.

అసలు కిటుకు ఇక్కడుంది. 1975లో కెనడాలో ఎరిక్ బానిస్టర్, ఆయన సహచరులు ఒక నమూనా ప్రతిపాదించారు. శ్రమ చేసిన ప్రతిసారీ దేహంలో రెండు ఖాతాలు పెరుగుతాయట: ఒకటి సామర్థ్యం, రెండవది అలసట. సామర్థ్యం నెమ్మదిగా తరుగుతుంది, అలసట త్వరగా. తరువాత ఆండ్రూ కోగన్ దీన్ని వాట్లకు అన్వయించాడు. సాఫ్టువేరు మొదటిదానికి 42 రోజుల సగటు, రెండవదానికి 7 రోజుల సగటు కడుతుంది. మామూలు సగటు కాదు. పాతబడే కొద్దీ విలువ తగ్గుతూ పోతుంది. రేడియోధార్మిక క్షయం పాఠంలో గీసిన వక్రరేఖే అనుకోండి. రెండూ 40 దగ్గరున్నవాడు పైన చెప్పిన 112 పాయింట్ల శ్రమ చేస్తే, సామర్థ్యం 1.7 పెరుగుతుంది, అలసట 10 పెరుగుతుంది! మొదటిదాంట్లోంచి రెండవది తీసేస్తే మిగిలేది ఫామ్. పోటీ ముందు విశ్రాంతి ఎందుకు తీసుకోవాలో నాకు అప్పటికి గాని బోధపడలేదు.

బోధపడిందని మురిసిపోయాను కూడా. గత ఆగస్టులో జట్టు ఎంపికకు ముందు సార్వా నాట్లకని ఇంటికి వెళ్ళాను. పదిరోజులు సైకిలు ముట్టలేదు. తిరిగొచ్చి చూస్తే సామర్థ్యం 40 నుంచి 31కి, అలసట 40 నుంచి 9కి దిగాయి. ఫామ్ 22! ఇంత తాజాగా ఎప్పుడూ లేననుకుని మర్నాడే ఎంపికకు దిగాను. 180 వాట్లు కూడా పట్టుమని పది నిమిషాలు నిలవలేదు. కాళ్ళు కర్రలైపోయాయి. జట్టులో పేరు రాలేదు.

ఫోనులో చెప్పుకుని ఏడ్చినంత పని చేస్తే మా నాన్న అన్నాడు: "ఏరా, పొద్దస్తమానం గట్లు చెక్కావు, నారు కట్టలు మోశావు. అవి నీ మిషనుకి కనపడలేదా?"

కనపడలేదు. మీటరు క్రాంకులో ఉంది, పారలో లేదు గదా! నా పట్టికలో ఆ పది రోజులకీ పది సున్నాలున్నాయి. తప్పు సూత్రానిది కాదు, సున్నాలు రాసుకున్న నాది.

ఇప్పుడు పొలం పనిని కూడా చేత్తో ఎక్కిస్తున్నాను. ఎంతసేపు చేశాను, పదిలో ఎంత కష్టమనిపించింది అని చూసుకుని ఒక అంచనా వేస్తాను. ఇది వాట్లంత కచ్చితం కాదు, నిజమే. కాని సున్నా కన్నా నయం. నిద్ర చాలని రోజు, పరీక్షల రోజు పక్కన ఒక ముక్క రాసుకుంటాను. సామర్థ్యం వారానికి 5కి మించి పెరగకుండా రైడ్లు వేసుకుంటున్నాను.

సంక్రాంతి సెలవుల్లో దాళ్వా నాట్లున్నాయి. ఆ వారం పట్టికలో రైడ్లు ముందే కొట్టేసి, "నాట్లు" అని రాసిపెట్టాను. మళ్ళీ 20 నిమిషాల పరీక్ష ఫిబ్రవరిలో.