కాలి కింద కంట్రోల్‌రూం!

గిటార్‌ కచేరీలో అందరి కళ్లూ వాయించేవాళ్ల చేతివేళ్ల మీదే ఉంటాయి. పాదాల దగ్గర జరిగే తతంగం ఎవరికీ పట్టదు. అసలు కష్టమంతా అక్కడే!

నేల మీద ఓ పలక. దాని మీద వరసగా సబ్బుపెట్టెలంత రంగురంగుల లోహపు డబ్బాలు... ఆరో, ఎనిమిదో, పదో! అవే ఎఫెక్ట్స్‌ పెడల్స్‌. గిటార్‌ నుంచి వచ్చే ధ్వనిని ఒక్కో డబ్బా ఒక్కో రకంగా మార్చేస్తుంది. ఓవర్‌డ్రైవ్‌ పెడల్‌ గొంతుకి గరగర తెస్తుంది. డిలే పెడల్‌ కొండల్లో అరిచినట్టు ప్రతిధ్వనులు పుట్టిస్తుంది. కోరస్‌ పెడల్‌ తొక్కితే ఒక్క గిటారే రెండు మూడు కలిసి మోగుతున్నట్టు వినిపిస్తుంది.

చిక్కేమిటంటే, పాట పొడవునా ఒకే ధ్వని సరిపోదు. పల్లవికి కోరస్‌, కంప్రెసర్‌ కావాలనుకుందాం. సోలో వచ్చేసరికి ఆ రెండూ ఆగిపోవాలి. ఓవర్‌డ్రైవ్‌, బూస్టర్‌, డిలే మొదలవ్వాలి. అంటే అయిదు మీటలు తొక్కాలి. నిమిషానికి 120 దెబ్బల వేగంతో సాగే పాటలో దెబ్బకీ దెబ్బకీ మధ్య వ్యవధి అర సెకను. ఆలోపు అయిదు తొక్కులా? అదీ మైకు ముందు పాడుతూ! గిటారిస్టులు ఈ అవస్థకి పెట్టుకున్న ముద్దుపేరు 'ట్యాప్‌ డ్యాన్స్‌'. ఒక్క మీట తప్పిందా, ఊరంతా ఎదురుచూసే సోలో కాస్తా చప్పగా తేలిపోతుంది.

ఆ అయిదు తొక్కుల్నీ ఒక్కటి చేసే యంత్రమే ప్రోగ్రామబుల్‌ పెడల్‌ స్విచ్చర్‌.

పాడైన పరికరం పుణ్యం!

ఈ పెడల్స్‌ కథ ఓ రిపేరుతో మొదలైంది. మార్టీ రాబిన్స్‌ పాడిన 'డోంట్‌ వరీ' పాట 1961లో విడుదలైంది. అమెరికాలోని నాష్‌విల్‌లో ఆ పాట రికార్డు చేస్తుండగా మిక్సింగ్‌ పరికరంలో లోపం వచ్చి బేస్‌ గిటార్‌ బొంగురుగా మోగింది. ఆ బొంగురే జనానికి నచ్చింది. రికార్డింగ్‌ ఇంజినీరు గ్లెన్‌ స్నాడీ అదే ధ్వనినిచ్చే సర్క్యూట్‌ తయారుచేస్తే, గిబ్సన్‌ సంస్థ 1962లో 'మాస్ట్రో ఫజ్‌టోన్‌' పేరుతో అమ్మకానికి పెట్టింది. 1965లో రోలింగ్‌ స్టోన్స్‌ బృందం 'సాటిస్‌ఫాక్షన్‌' పాటలో వాడాక దాని దశ తిరిగిపోయింది.

ఆ తర్వాత పెడల్స్‌ పుట్టగొడుగుల్లా పుట్టుకొచ్చాయి. వాటితోపాటే తీగల చిక్కుముళ్లూ! 1970ల్లో ఇంగ్లాండుకి చెందిన పీట్‌ కార్నిష్‌ అన్నింటినీ ఒకే బోర్డులో ఇమిడ్చి, పింక్‌ ఫ్లాయిడ్‌ గిటారిస్టు డేవిడ్‌ గిల్మర్‌ లాంటివాళ్లకి అందించాడు. 1980ల్లో లాస్‌ఏంజెలిస్‌లో 'కస్టమ్‌ ఆడియో ఎలక్ట్రానిక్స్‌' నడిపిన బాబ్‌ బ్రాడ్‌షా మరో అడుగు ముందుకేశాడు. పెడల్స్‌ని దూరంగా ఓ బీరువాలాంటి ర్యాక్‌లో పెట్టేసి, వాయించేవాడి కాళ్ల దగ్గర మీటల వరసని మాత్రమే ఉంచాడు. స్టీవ్‌ లూకథర్‌, మైఖేల్‌ లాండావ్‌ లాంటి స్టూడియో కళాకారులకి అది వరమైంది. అడిగిన ధ్వనిని అడిగిన క్షణంలో ఇవ్వడమే కదా వాళ్ల ఉద్యోగం!

ఒక్క తొక్కు... వంద పనులు

ఇంతకీ ఆ పెట్టెలో ఏముంది? ప్రతి పెడల్‌కీ స్విచ్చర్‌లో ఓ దారి ఉంటుంది. దాన్ని 'లూప్‌' అంటారు. రైల్వే స్టేషన్లో పాయింట్లు మార్చి బండిని కావలసిన పట్టాల మీదికి మళ్లించినట్టు, లోపలి రిలేలు గిటార్‌ ధ్వనిని కావలసిన పెడల్స్‌లోకే పంపిస్తాయి. పల్లవికి ఏవి, సోలోకి ఏవి అన్నది ఇంటి దగ్గరే తీరిగ్గా మెమరీలో నింపుకోవచ్చు. వేదిక మీద ఒక్క మీట నొక్కితే చాలు. బాస్‌ సంస్థ తెచ్చిన 'ఈఎస్‌-8' స్విచ్చర్‌లో 8 లూపులు, 800 కూర్పులు దాచుకునే మెమరీ ఉన్నాయి.

ఇందులో 'మిడి'ది ప్రత్యేక పాత్ర. కీబోర్డులు ఒకదాంతో ఒకటి మాట్లాడుకోవడానికి 1983లో వచ్చిన భాష ఇది. 'ఫలానా నంబరు కూర్పుకి మారు' అన్న ఆదేశం తీగలో ప్రయాణించడానికి సెకనులో వెయ్యో వంతు కూడా పట్టదు. మిడి తెలిసిన డిలే పెడల్‌ ఆ ఆదేశం అందుకుని, పాట వేగానికి తగ్గట్టు ప్రతిధ్వనినీ మార్చేసుకుంటుంది.

కొన్ని స్విచ్చర్లు పెడల్స్‌ వరసనీ మారుస్తాయి. పోపు వేశాక ఉడికించడం వేరు, ఉడికాక పోపు పెట్టడం వేరు కదా! గరగర తర్వాత ప్రతిధ్వని వస్తే మాట స్పష్టంగా వినిపిస్తుంది. అదే ముందు వస్తే ప్రతిధ్వనులు కూడా గరగరలాడి కలగాపులగమవుతాయి.

శివారు భూముల కథే

కాలువ పొడవు పెరిగేకొద్దీ శివారు భూములకి నీళ్లందవు. గిటార్‌ ధ్వనీ అంతే. మామూలు ఎలక్ట్రిక్‌ గిటార్‌ నుంచి వచ్చే విద్యుత్‌ సంకేతం చాలా బలహీనం. మీటర్ల కొద్దీ తీగల్లో, వరసగా పది పెడల్స్‌లో ప్రయాణిస్తే అందులోని హెచ్చు స్వరాల మెరుపు తగ్గిపోతుంది. స్విచ్చర్‌ ఉంటే అవసరంలేని పెడల్స్‌ని, వాటి తీగల్ని దారిలోంచి పూర్తిగా తప్పించవచ్చు. సంకేతానికి బలాన్నిచ్చే 'బఫర్‌' కూడా చాలావాటిలో ఉంటుంది.

అలాగని అదేమీ మంత్రదండం కాదు. మామూలు అనలాగ్‌ పెడల్‌ని అది దారిలోకి తేగలదు, తప్పించగలదు. అంతేగానీ దాని మీది నాబ్‌ని తిప్పలేదు. అందుకే కొందరు ఒకే ఓవర్‌డ్రైవ్‌ పెడల్‌ రెండు కొని, ఒకటి మెత్తగా, ఒకటి ఘాటుగా అమర్చుకుంటారు. ఇంకో ప్రమాదం... అన్ని దారులూ ఒకే పెట్టెలోంచి వెళ్తాయి కాబట్టి, అది మొండికేస్తే గిటార్‌ మూగబోతుంది. జాగ్రత్తపరులు ఆంప్లిఫయర్‌కి నేరుగా తగిలించడానికి ఓ తీగ విడిగా ఉంచుకుంటారు.

మరి మీ ఇంట్లో గిటార్‌ నేర్చుకునే పిల్లలు ఇది కావాలని మారాం చేస్తే? రెండు మూడు పెడల్స్‌ ఉన్నంతవరకూ దీని అవసరం లేదు. వేదికలెక్కి, పాడుతూ వాయిస్తూ, ఆరేడు పెడల్స్‌తో కుస్తీపడే రోజు వచ్చినప్పుడు ఆలోచించొచ్చు. ఏ పెడల్‌ ఎప్పుడు మోగాలో ఆ పెట్టె గుర్తుపెట్టుకుంటుంది. ఏ స్వరం ఎప్పుడు పలకాలో మాత్రం వేళ్లే నేర్చుకోవాలి మరి!