మోటారుంటే... పందెం వేరే!

ఛత్రినాక, గౌలిపురా, లాల్‌దర్వాజా... పాతబస్తీ సందుల్లో ఒక్కోసారి కారు కంటే సైకిలే ముందు ఇల్లు చేరుతుంది. అక్కడ తొక్కడం నేర్చిన పిల్లాడికి పోటీల మీద మనసు పడిందనుకోండి. సాధనకు ఉస్మానియా యూనివర్సిటీలో 2002 జాతీయ క్రీడల కోసం కట్టిన వెలోడ్రోమ్ ఉంది. మరి సైకిలో? 'ఎలక్ట్రిక్‌ది కొనివ్వండి నాన్నా, గెలుస్తా' అంటాడేమో. గెలుపు సంగతి అటుంచితే, మామూలు పందేల్లో దాన్ని బరిలోకే రానివ్వరు!

కనిపించని రెండో మనిషి

మన దేశంలో లైసెన్సు, రిజిస్ట్రేషన్ అక్కర్లేని ఎలక్ట్రిక్ సైకిల్‌కు 250 వాట్ల లోపు మోటారే ఉండాలి. వేగం గంటకు 25 కిలోమీటర్లు దాటకూడదు. 250 వాట్లంటే తక్కువేం కాదు. బాగా సాధన చేసిన సైక్లిస్టు గంటసేపు ఏకధాటిగా తొక్కితే పుట్టే శక్తి దాదాపు అంతే. అంటే పక్కన ఇంకో మనిషి కూర్చుని పెడల్ తొక్కుతున్నట్లే! 25 దాటితే మాత్రం మోటారు సాయం ఆగిపోతుంది. చదును రోడ్డు మీద 40 కిలోమీటర్ల వేగంతో దూసుకెళ్లే రేసర్‌కు అది వట్టి బరువు. దాని సత్తా అంతా ఎత్తు ఎక్కేటప్పుడే.

దాస్తే ఆరేళ్లు ఇంటికే

2016 జనవరిలో బెల్జియంలో సైక్లోక్రాస్ ప్రపంచ పోటీలు జరిగాయి. ఆ దేశానికే చెందిన 19 ఏళ్ల ఫెమ్కె వాన్ డెన్ డ్రీషె కోసం సిద్ధంగా ఉంచిన సైకిల్‌లో దాచిన మోటారు బయటపడింది. అది తనది కాదని ఆమె చెప్పినా ఆరేళ్ల నిషేధం, 20 వేల స్విస్ ఫ్రాంకుల జరిమానా తప్పలేదు. ఆ తర్వాత తనిఖీలకు ఎక్స్‌రే యంత్రాలూ వచ్చాయి.

అందరికీ ఉంటే తప్పేంటి?

మోటారు తప్పు కాదు, దాచడమే తప్పు. అందుకే అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య విడిగా పోటీ పెట్టింది. 2019లో కెనడాలోని మాంట్ సెయింట్ ఆన్‌లో ఎలక్ట్రిక్ మౌంటెన్ బైక్ ప్రపంచ పోటీలు మొదటిసారి జరిగాయి. పురుషుల్లో దక్షిణాఫ్రికాకు చెందిన అలన్ హాథర్లీ, మహిళల్లో స్విట్జర్లాండ్‌కు చెందిన నతాలీ ష్నైటర్ గెలిచారు. అందరి మోటారుకూ ఒకటే పరిమితి. ఇక తేల్చేది కాళ్ల బలం, రాళ్ల దారిలో అదుపు తప్పని నేర్పు.

కాబట్టి అమ్మానాన్నలూ... రోజూ మార్కెట్‌కో, ఆఫీసుకో వెళ్లడానికైతే ఎలక్ట్రిక్ సైకిల్ భేషుగ్గా ఉంటుంది. వెలోడ్రోమ్ దారి వేరు. అక్కడ పరుగెత్తే ట్రాక్ సైకిల్‌కు మోటారు మాట దేవుడెరుగు, గేర్లు మార్చే వీలుండదు, బ్రేకులే ఉండవు!