మన గదిలోనికి నిజమైన ఆకాశము

ఇంట కంప్యూటరు ముందు కూర్చుండి విమానము నడుపు అభ్యాసము నేడు అనేకులకు అలవడినది. ఎక్స్-ప్లేన్, ఫ్లైట్‌గేర్ వంటి ఫ్లైట్ సిమ్యులేటర్లలో రన్‌వేలు, దీపములు, మేఘములు అన్నియు నిజమును తలపించును. కాని చుట్టును పరికించినచో ఆకాశము శూన్యముగా ఉండును. లేదా సిమ్యులేటరు కల్పించిన విమానములు తోచిన దారిని పోవుచుండును. ఈ వేళ నిజముగా ఎగురుచున్న విమానములనే ఆ తెరపైకి రప్పింపవచ్చునా? రప్పింపవచ్చును. రేడియో గల ఇండ్లవారికి ఆ విధానమును చెప్పుట సులభము. ఏలయనగా ఇందలి కీలకమంతయు రేడియోలోనే ఉన్నది.

నేటి ప్రయాణీకుల విమానములలో అధిక భాగము ఉపగ్రహ సంకేతముల సాయమున తమ స్థానమును తామే లెక్కించుకొని, ఎవరును అడుగకుండగనే ప్రసారము చేయుచుండును. ఈ పద్ధతికి ఏడీఎస్-బీ అని పేరు. ప్రసారము జరుగునది 1090 మెగాహెర్ట్జ్‌లపై. గగనమున ఉన్న విమానము తన స్థానమును సెకనునకు రెండు మారులు, వేగమును రెండు మారులు, పిలుపు పేరును సుమారు ఐదు సెకనులకొకమారు తెలుపును. ఒక్కొక్క సందేశము 120 మైక్రోసెకనులలో ముగియును. ప్రతి విమానమునకు ఒక ప్రత్యేక సంఖ్య ఉండుటచే ఒకదానిని మరియొకటిగా భ్రమించుటకు తావు లేదు.

దీనిని అందుకొనుటకు గొప్ప యంత్రములు అక్కరలేదు. మధ్యతరంగముల పొడవు వందల మీటర్లు. ఈ తరంగము పొడవు 27.5 సెంటీమీటర్లు మాత్రమే. అందులో నాలుగవ వంతు, అనగా దాదాపు 7 సెంటీమీటర్ల తీగ ఏరియలుగా చాలును. టెలివిజను కొరకు తయారైన చిన్న గ్రాహకమును కంప్యూటరునకు తగిలించి, సందేశములను విడమరచు ప్రోగ్రామును నడిపినచో విమానముల పట్టిక తెరపై వచ్చును. అయితే ఈ తరంగములు కొండలను దాటవు, వంగి రావు. 35,000 అడుగుల ఎత్తున పోవు విమానము అడ్డులేని చోట సుమారు 400 కిలోమీటర్ల దూరమునుండి వినబడవచ్చును. దగ్గరనే దిగుచున్న విమానము ఎదుటి మేడ చాటున మాయము కావచ్చును. ఏరియలు ఎత్తున ఉండుట ముఖ్యము.

ఒక్క ఇంటి గ్రాహకము ఒక్క ప్రాంతమునే వినగలదు. ఇతర దేశముల ఆకాశము కావలసినవారు అనేకుల గ్రాహకములు కలిసిన జాలమును ఆశ్రయింపవలెను. 2012లో పరిశోధనగా మొదలై, స్విట్జర్లండులో లాభాపేక్ష లేని సంఘముగా నడచుచున్న ఓపెన్‌స్కై నెట్‌వర్క్ అట్టిది. గ్రాహకములు లేని సముద్రములపై ఇట్టి జాలమునకును ఖాళీలు తప్పవు.

ఇక ఈ సమాచారమును సిమ్యులేటరునకు కలుపుట. ఎక్స్-ప్లేన్‌లో లైవ్‌ట్రాఫిక్ అను అనుబంధము ఈ పని చేయును. ముందుగా సిమ్యులేటరు కల్పించు విమానములను నిలిపివేయవలెను. లేనిచో నిజమును కల్పనయు కలగలసిపోవును. కంప్యూటరు గడియారమును సరిచూడవలెను. మన విమానము చుట్టునున్న ప్రాంతమునకే కోరికను పరిమితము చేయవలెను.

మేము మొదట పొరపడినది ఆలస్యము విషయమున. ప్రత్యక్షమనగా ఈ క్షణమే కనబడవలెనని తలచి, ఆలస్యమును సున్నగా ఉంచితిమి. గంటకు 900 కిలోమీటర్ల వేగమున పోవు విమానము 10 సెకనులలో రెండున్నర కిలోమీటర్లు దాటును. తరువాతి వార్త వచ్చువరకు సిమ్యులేటరు ఊహతో దానిని నడుపవలసివచ్చెను. రన్‌వే వైపు మలుపు తిరిగిన విమానము మా తెరపై తిన్నగా సాగిపోయి, అంతలో ఉలికిపడినట్లు వెనుకకు దుమికెను. ఒక నిమిషము ఆలస్యము నిచ్చిన పిదప, తెలిసిన రెండు స్థానముల నడుమ అది నెమ్మదిగా, సహజముగా మలుపు తిరిగెను. ఉత్తరము తెచ్చు క్షేమవార్త వ్రాసిన నాటిది. అయినను అది ఊహకంటె నమ్మదగినది గదా!

ఎత్తు విషయమున మరియొక చిక్కు గలదు. విమానము ప్రసారము చేయు ఎత్తు 1013.25 హెక్టోపాస్కల్‌ల ప్రమాణ పీడనముపై లెక్కించినది. వాతావరణ వార్తలలో అల్పపీడనమని విన్న దినమున ఒక తీర విమానాశ్రయములో పీడనము 1003కు పడినదనుకొందము. నేలను తాకబోవు విమానము సుమారు 280 అడుగుల పైన ఉన్నట్లు తెలుపును. స్థానిక పీడనముతో సవరింపనిచో అది గాలిలోనే దిగి, నేలపైనున్నానన్న సందేశము రాగానే ధబాలున పడును.

చివరగా రెండు మాటలు. తెరపైనున్న విమానమునకు మన విమానము కనబడదు. అది దారి ఇయ్యదు, మనమే తొలగవలెను. ఉపగ్రహ సంకేతములకు అంతరాయము కలిగిన చోట అది చెప్పుకొను స్థానమే తప్పు కావచ్చును. కావున ఈ చిత్రము అభ్యాసమునకు, ఆనందమునకు మాత్రమే. నిజమైన విమానయానమునకు ఆధారము కారాదు. ఊహ ఇచ్చు తొందరకంటె నిజము ఇచ్చు ఆలస్యమే మేలని అంగీకరించినవారికి, శూన్యముగానుండిన ఆ ఆకాశము నిండుగా కనబడును.