గాజుతొట్టెలో పగడపు దిబ్బ

నవరత్నాలలో ఒకటిగా పగడాన్ని మనమందరం ఎరుగుదుము. కాని అది రాయి కాదు. సముద్రంలోని అతి చిన్న ప్రాణులు నిర్మించుకొన్న సున్నపు గూడు. వాటి బంధుజాతులు కొన్ని వెచ్చని, లోతు తక్కువ సముద్రాలలో పెద్ద దిబ్బలు కడతాయి. మన్నారు సింధుశాఖలోను, లక్షదీవుల చుట్టూను ఇటువంటి దిబ్బలున్నాయి. ఈ దిబ్బను చిన్న ప్రమాణంలో ఇంట్లో పెంచేవారు నేడు అనేక దేశాలలో ఉన్నారు. సముద్రానికి దూరంగా ఉన్న సూర్యాపేట జిల్లా తిరుమలగిరి వంటి ఊరిలో ఇది సాధ్యమా? విచారించి చూస్తే, ముందుగా పెంచవలసింది పగడాన్ని కాదు, నీటిని అని తెలుస్తుంది.

నీటి తయారీ

ఒక కిలోగ్రాము సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల లవణాలుంటాయి. వాటిలో ముప్పాతిక వంతుకు పైగా మనం తినే ఉప్పే. మిగిలినవి మెగ్నీషియం, కాల్షియం, పొటాషియం మొదలైన వాటి లవణాలు. లీటరుకు సుమారు 400 మిల్లీగ్రాముల కాల్షియం లేనిదే పగడం గూడు కట్టుకోలేదు. అందుచేత వంట ఉప్పు కలిపినంత మాత్రాన సముద్రం కాదు.

పూర్వపు నల్గొండ జిల్లాలో చాలాచోట్ల భూగర్భజలంలో ఫ్లోరైడ్ హెచ్చు. పటిక, సున్నం వేసి దానిని తగ్గించే విధానానికి నల్గొండ పద్ధతి అనే పేరు వచ్చింది. అది తాగునీటి కోసం ఏర్పడినది. నీటిలోని మిగతా లవణాలను తొలగించదు. అటువంటి నీటికి సముద్రలవణాల మిశ్రమం కలిపితే పాళ్ళు చెడిపోతాయి. కనుక ఆర్.ఓ. యంత్రంతో శుద్ధిచేసిన నీటిలోనే మిశ్రమాన్ని కలపాలి.

కంటికి కనిపించని పనివారు

చేపల విసర్జనల నుండి, కుళ్ళిన మేత నుండి అమోనియా పుడుతుంది. అది విషం. ఒక రకం సూక్ష్మజీవులు దానిని నైట్రైట్‌గాను, మరొక రకం నైట్రైట్‌ను నైట్రేట్‌గాను మారుస్తాయి. నైట్రైట్ కూడా హానికరమే. నైట్రేట్ వలన ప్రమాదం చాలా తక్కువ. ఈ జీవులను గూర్చి రష్యా శాస్త్రజ్ఞుడు వినోగ్రాడ్‌స్కీ 1890 ప్రాంతంలో నిరూపించాడు. మన పొలంలో చల్లిన యూరియా మొదట అమోనియాగా, తరువాత నైట్రేట్‌గా మారేది కూడా సూక్ష్మజీవుల వల్లనే.

ఇసుకమీద, రాళ్ళమీద ఈ జీవులు తగినంతగా పెరగడానికి సుమారు 4 నుండి 6 వారాలు పడుతుంది. అంతవరకు ఓర్పు వహించక చేపలను వదిలితే, అవి తమ విసర్జనల విషానికే బలి కావచ్చు. సముద్రపు నీరు కొంచెం క్షారగుణం కలది. అందులో అమోనియా మరింత తీవ్రంగా పనిచేస్తుంది.

ఎండాకాలపు పరీక్ష

నీరు ఆవిరి అవుతుంది గాని ఉప్పు ఆవిరి కాదు. 100 లీటర్ల నీటిలో 3500 గ్రాముల ఉప్పు ఉన్నదనుకొందాం. 5 లీటర్లు ఆవిరైతే మిగిలిన 95 లీటర్లలో లీటరుకు దాదాపు 37 గ్రాములవుతుంది. కనుక తగ్గిన నీటిని ఉప్పునీటితో కాదు, శుద్ధమైన మంచినీటితోనే భర్తీ చేయాలి.

పగడపు ప్రాణి శరీరంలో సూక్ష్మమైన శైవలాలు నివసించి, సూర్యరశ్మితో ఆహారం తయారుచేసి దానికి అందిస్తాయి. నీటి ఉష్ణోగ్రత చాలా రోజులు 30 డిగ్రీలు మించి ఉంటే ఈ పొత్తు చెడుతుంది. శైవలాలు వెళ్ళిపోయి పగడం తెల్లబారుతుంది. బయట 40 డిగ్రీలు దాటే మన వేసవిలో తొట్టెను చల్లబరచక తప్పదు. సముద్రంలోనూ ఇదే జరుగుతున్నది. 1998, 2010, 2016 సంవత్సరాలలో లక్షదీవుల పగడాలు ఇలాగే తెల్లబారాయి.

పాఠశాలలో ప్రయోగం

దిబ్బలు కట్టే పగడాలకు 2001 నుండి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉన్నది. మన సముద్రం నుండి వాటిని తేవడం నేరం. అయినా అసలు పాఠానికి పగడం అక్కరలేదు. ఒక గాజుతొట్టెలో క్లోరిన్ లేని మంచినీరు, కడిగిన ఇసుక, గాలిపంపు అమర్చి, రోజూ చిటికెడు చేపమేత వేయండి. చేపలు వద్దు. అంగడిలో దొరికే పరీక్షా ద్రావణాలతో వారానికి రెండుసార్లు అమోనియా, నైట్రైట్, నైట్రేట్‌లను కొలిచి గ్రాఫు గీయించండి. మొదటి గీత పెరిగి తగ్గుతుంది, తరువాత రెండవది, చివరకు మూడవది పైకి లేస్తుంది. మొదటి రెండు గీతలు సున్నాకు దిగిన నాడే ఆ నీరు ప్రాణులను స్వీకరించడానికి సిద్ధమైనదని విద్యార్థులు తమంతట తామే చెప్పగలుగుతారు.